40 డిగ్రీల గదిలో ఓవర్‌క్లాకింగ్: మధ్యధర మదర్‌బోర్డు ఎంచుకునే పద్ధతి

కర్నూలులో మే నెల. మిద్దె మీది గది. బయట 43 డిగ్రీలు, లోపల ఫ్యాను తిరుగుతున్నా 40. ఓవర్‌క్లాక్ చేసే, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగంకన్నా ఎక్కువ వేగంతో నడిపే గేమింగ్ కంప్యూటరుకు బోర్డు కొనేటప్పుడు ముందుగా లెక్కలోకి తీసుకోవాల్సింది ఈ గదినే. బోర్డుల మీద మనం చదివే, చూసే పరీక్షలు చాలావరకు 20 నుంచి 25 డిగ్రీల ఏసీ గదుల్లో చేసినవి. అక్కడ హాయిగా నెగ్గిన బోర్డు అనంతపురంలోనో కడపలోనో ఎండాకాలం సాయంత్రం చతికిలపడొచ్చు. తప్పు బోర్డుది కాదు, మనం గది వేడిని కలపకుండా కొన్నాం.

మధ్యధర అంటే ఇక్కడ సుమారు 14 వేల నుంచి 22 వేల రూపాయల దాకా అనుకుందాం. ఆ ధరలో కొన్ని బోర్డులు వేడిని తట్టుకునే భాగాల మీద ఖర్చు పెడతాయి, మిగతావి లైట్ల మీద, ప్లాస్టిక్ తొడుగుల మీద పెడతాయి. రెండింటినీ వేరు చేయడం నేర్చుకుంటే చాలు.

ముందు చిప్‌సెట్

ఓవర్‌క్లాక్ చేయనివ్వాలో లేదో తేల్చేది బోర్డు మీది ఈ చిప్పే. ఇక్కడ పొరపాటు జరిగితే తర్వాత ఎంత మంచి కూలర్ పెట్టినా లాభం లేదు.

ఇంటెల్‌లో పేరు చివర కె అక్షరం ఉన్న ప్రాసెసర్లకే మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం) తాళం తీసి ఉంటుంది. దాన్ని పెంచడానికి జెడ్ సిరీస్ బోర్డు కావాలి. 12, 13, 14 తరాలకు (ఎల్‌జీఏ1700 సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే చోటు) జెడ్690, జెడ్790. తర్వాతి ఎల్‌జీఏ1851 సాకెట్‌కు జెడ్890. బీ760 బోర్డులో కె ప్రాసెసర్ పనిచేస్తుంది, ర్యామ్ వేగం కూడా పెంచుకోవచ్చు, కానీ ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ మాత్రం కాదు. "కె చిప్పు ఉంది కదా, బీ760 వేస్తే సరిపోతుంది" అని షాపులో చెప్పే మాట సగమే నిజం. ఇక హెచ్610 జోలికి పోవద్దు, అందులో ర్యామ్ ఓవర్‌క్లాక్ కూడా లేదు.

ఏఎండీ ఇక్కడ మధ్యతరగతికి మేలు చేసింది. ఏఎం4 సాకెట్‌లో బీ450, బీ550, ఎక్స్570; ఏఎం5లో బీ650, బీ850, వాటి పైవి, అన్నీ ప్రాసెసర్ ఓవర్‌క్లాక్‌ను అనుమతిస్తాయి. ఏ320, ఏ520, ఏ620 అనుమతించవు. బీ840 పేరు చూసి బీ850కి తమ్ముడు అనుకోవద్దు, అందులోనూ ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ లేదు. ఒక్క అంకె తేడాతో మోసపోయేది ఇక్కడే.

ఏఎండీ ఎక్స్3డీ ప్రాసెసర్ల (గేమ్‌ల కోసం అదనపు క్యాష్ మెమరీ పెట్టినవి) సంగతి వేరు. 7800ఎక్స్3డీకి మల్టిప్లయర్ తాళం వేసే ఉంటుంది, కర్వ్ ఆప్టిమైజర్ (చిప్పు వోల్టేజ్ తగ్గించే సెట్టింగు) మాత్రం వాడుకోవచ్చు. 9800ఎక్స్3డీకి తాళం పూర్తిగా తీశారు. గేమ్‌లు ఆడేటప్పుడు 7800ఎక్స్3డీ చాలా తక్కువ కరెంటు తాగుతుంది కాబట్టి, కేవలం గేమింగ్ కోసమే అయితే దానికి ఖరీదైన బోర్డు అక్కర్లేదు. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డులో పెట్టండి.

సాకెట్ చుట్టూ ఉన్న ఆ అంచు

ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరుకు కరెంటిచ్చే పెట్టె) నుంచి బోర్డుకు 12 వోల్టులు వస్తాయి. ప్రాసెసర్‌కు కావాల్సింది సుమారు 1.2 వోల్టులు. ఈ మార్పిడి చేసేది సాకెట్‌కు ఎడమ పక్కన, పైన వరుసగా ఉండే వీఆర్‌ఎం. 180 వాట్లు తాగే ప్రాసెసర్‌కు 1.2 వోల్టుల దగ్గర 150 ఆంపియర్లు పంపాలి. మన ఇళ్లల్లో చాలాచోట్ల మెయిన్ ఎంసీబీ 32 ఆంపియర్లదే. అగ్గిపెట్టెలు వరుసగా పేర్చినంత జాగాలో 150 ఆంపియర్లు నడుస్తాయంటే అక్కడ పుట్టే వేడి ఊహించండి. మార్పిడి 90 శాతం సమర్థంగా జరిగినా 20 వాట్లు వేడిగా పోతాయి. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాదాపు అంత వేడి ప్రాసెసర్ పక్కనే, రోజుకు గంటలకొద్దీ.

అందుకే ఫేజుల (ఈ మార్పిడిని పంచుకునే విభాగాలు, వీటినే స్టేజీలు అనీ అంటారు) సంఖ్య చూడాలి, కానీ పెట్టె మీద రాసిన సంఖ్యను గుడ్డిగా నమ్మకూడదు. 12+2+1 అని ఉంటే మొదటి అంకె ఒక్కటే ప్రాసెసర్ కోర్లకు, మిగతావి లోపలి మెమరీ కంట్రోలర్‌కు, ఇతర పనులకు. 12 స్టేజీలు, ఒక్కొక్కటి 60 ఆంపియర్లు అంటే కాగితం మీద 720 ఆంపియర్లు. అంత ఎప్పుడూ వాడం. మరి ఎక్కువ ఎందుకంటే, పని పంచుకోవడానికి. 150 ఆంపియర్లను 12 మంది మోస్తే ఒక్కొక్కరి వంతు 12.5, ఆరుగురు మోస్తే 25. కరెంటు రెట్టింపయితే ఆ స్టేజీలో నిరోధం వల్ల పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. స్టేజీలు సగమే కాబట్టి ఆ రకం వేడి మొత్తం మీద రెట్టింపు. ఎక్కువ స్టేజీలున్న బోర్డు చల్లగా ఉండటానికి అసలు కారణం ఇదే.

షాపులో పెట్టె మీది మాటలు వదిలేసి బోర్డు ఫొటోను దగ్గరగా చూడండి. హీట్‌సింక్ తీసేసిన ఫొటో దొరికితే మరీ మంచిది. సాకెట్ పక్కన బూడిదరంగు చదరపు కాయిళ్లు వరుసగా ఉంటాయి, వాటిని లెక్కపెట్టండి. ఒక్కో కాయిల్ పక్కన ఒకే నల్ల చిప్ ఉంటే అది డీఆర్‌మాస్ తరహా, అంటే డ్రైవరూ స్విచ్చులూ ఒకే చిప్‌లో. కాయిల్‌కు రెండు మూడు విడి చిప్పులుంటే పాత పద్ధతి మాస్‌ఫెట్లు, ఎక్కువ వేడెక్కుతాయి. మన వాతావరణంలో ఓవర్‌క్లాక్ చేయాలంటే రెండో రకం వదిలేయడమే మంచిది.

ఎంత కావాలి? 65 వాట్ల రైజెన్ (పీపీటీ, అంటే చిప్పు తాగగలిగే గరిష్ఠం, 88 వాట్లు) అయితే 8 స్టేజీల మంచి బోర్డు చాలు. 7600ఎక్స్, 7700ఎక్స్ లాంటివాటికి పీపీటీ 142 వాట్లు. 10 నుంచి 12 స్టేజీలు, ఒక్కొక్కటి 50 ఆంపియర్లకు తగ్గకుండా చూడండి. ఇంటెల్‌లో ఐ5-13600కెకి అధికారిక గరిష్ఠం 181 వాట్లు, ఐ7-14700కెకి 253 వాట్లు. 253 వాట్ల చిప్పుకు 14 స్టేజీలు, 60 ఆంపియర్లు ఉంటేనే ఎండాకాలంలో నిశ్చింత. ఆ స్థాయి బోర్డు మన బడ్జెట్ పైఅంచున ఉంటుంది. అంత పెట్టలేకపోతే బోర్డు తగ్గించే బదులు ప్రాసెసర్‌నే ఒక మెట్టు తగ్గించండి.

హీట్‌సింక్ విషయంలో ఒక్కమాట. రెండు పక్కలా, అంటే సాకెట్ ఎడమనా పైనా హీట్‌సింక్ ఉండాలి. నిజమైనది బరువుగా ఉంటుంది, గాడులు కోసిన అల్యూమినియంతో స్క్రూలతో బిగించి ఉంటుంది. దాని మీద నిగనిగలాడే ప్లాస్టిక్ తొడుగు ఉంటే అది గాలిని అడ్డుకోవడం తప్ప ఏమీ చేయదు.

గది వేడిని కలిపే లెక్క

బోర్డు సమీక్షలో వీఆర్‌ఎం ఎంత వేడెక్కిందో, ఆ గది ఉష్ణోగ్రత ఎంతో రెండూ రాసుకోండి. మనకు కావాల్సింది రెంటి మధ్య తేడా.

ఒక బోర్డు 22 డిగ్రీల గదిలో 68కి చేరిందనుకోండి. పెరుగుదల 46. మన గది 40, క్యాబినెట్ లోపల ఇంకో 6 కలుపుకుంటే 92. ఫర్వాలేదు. ఇంకో బోర్డు అదే గదిలో 85కి చేరింది, పెరుగుదల 63. మన దగ్గర అది 109. సమీక్షలో "85 అంటే సేఫ్" అని రాసి ఉంటుంది, అక్కడికి అది నిజమే. మన ఊళ్లో ఆ బోర్డు మధ్యాహ్నం మూడింటికి ప్రాసెసర్ వేగాన్ని తెగ్గొడుతుంది. ఆటలో బొమ్మ రెండు మూడు సెకన్లు నత్తనడక నడిచి మళ్లీ మామూలవుతుంది. చాలామంది దాన్ని గ్రాఫిక్స్ కార్డు లోపం అనుకుని కార్డు మార్చేస్తారు.

పరీక్ష క్యాబినెట్‌లో చేశారా, బల్ల మీద విడిగా పెట్టి చేశారా అన్నదీ చూడండి. బల్ల మీద అయితే పైన కలిపిన 6 బదులు 10 కలపండి.

వీఆర్‌ఎం చిప్పులు 100 దాటినా వెంటనే కాలిపోవు. కానీ పక్కనున్న కెపాసిటర్లు వేడికి అరిగిపోతాయి. 10 డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ వాళ్లు వాడే స్థూల లెక్క. నాలుగైదేళ్లు వాడదలిచిన బోర్డును 95 లోపే నడపండి.

కూలర్ ఎంపిక కూడా వీఆర్‌ఎంని తాకుతుంది. టవర్ ఎయిర్ కూలర్ తిరిగితే కొంత గాలి ఆ పక్కకూ వెళ్తుంది. వాటర్ కూలర్ పెడితే ప్రాసెసర్ చల్లబడుతుంది గానీ సాకెట్ చుట్టూ గాలి ఆగిపోతుంది. వాటర్ కూలర్ వాడేవాళ్లు క్యాబినెట్ వెనక, పైన వేడిని లాగేసే ఫ్యాన్లు తప్పక పెట్టాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు

బయాస్ (బోర్డును నడిపే లోపలి ప్రోగ్రామ్) ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డే తీసుకోండి, ఇందులో రాజీ వద్దు. షాపులో ఆరు నెలలు పడున్న బోర్డుకు కొత్త ప్రాసెసర్ పెడితే అది గుర్తుపట్టకపోవచ్చు. ఈ బటన్ ఉంటే ప్రాసెసర్, ర్యామ్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ మార్చొచ్చు. ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసిన 32 జీబీ లోపు పెన్‌డ్రైవ్, దాంట్లో సరైన పేరు పెట్టిన ఫైలు, బోర్డుకు 24 పిన్, 8 పిన్ కరెంటు వైర్లు. బటన్‌ను మాన్యువల్‌లో చెప్పినన్ని సెకన్లు నొక్కితే లైటు మినుకుమంటుంది, ఐదారు నిమిషాల్లో ఆగిపోతుంది. ఫైలు పేరు తప్పయితే లైటు కాసేపు వెలిగి ఊరకుంటుంది. ఎంఎస్‌ఐ బోర్డులకు ఆ పేరు ఎంఎస్‌ఐ డాట్ రామ్ (చివరి మూడక్షరాలు ఆర్, ఓ, ఎం), గిగాబైట్‌కు గిగాబైట్ డాట్ బిన్, ఆసూస్‌కైతే వాళ్లిచ్చే రీనేమర్ ప్రోగ్రామే పేరు మారుస్తుంది. ఈ పని మధ్యలో కరెంటు పోతే కష్టం, అందుకే యూపీఎస్ మీదే చేయండి.

రెండో అవసరం, తప్పెక్కడో చెప్పే నాలుగు చిన్న లైట్లు: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. ర్యామ్ ఓవర్‌క్లాక్ చేసి బూట్ కాకపోతే ఏ లైటు దగ్గర ఆగిందో చూసి సగం పని తేల్చుకోవచ్చు. వెనక పక్క క్లియర్ సీమాస్ బటన్ (బయాస్ సెట్టింగులన్నీ మొదటికి తెచ్చేది) ఉంటే ఇంకా హాయి. లేకపోతే బోర్డు మీద రెండు పిన్నులను స్క్రూడ్రైవర్‌తో కలపాలి, లేదా గ్రాఫిక్స్ కార్డు కింద ఉండే సీఆర్2032 బటన్ బ్యాటరీ తీయాలి. ఓవర్‌క్లాక్ చేసేవాళ్లకు ఈ పని పదేపదే పడుతుంది.

ర్యామ్ మీద ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు. ఏఎం5లో డీడీఆర్5 తప్ప వేరేది పనిచేయదు, దానికి 6000 వేగం, సీఎల్30 (ర్యామ్ స్పందించే ఆలస్యాన్ని చెప్పే అంకె) ఉన్న రెండు స్టిక్కులు సరైన జోడీ. సాకెట్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. నాలుగు స్టిక్కులు పెడితే వేగం బాగా పడిపోతుంది, కొన్నిసార్లు 6000 దగ్గర బూట్ కూడా కాదు. ఎల్‌జీఏ1700 బోర్డుల్లో డీడీఆర్4వీ, డీడీఆర్5వీ విడివిడిగా వస్తాయి, పేరులో డీ4 అనో డీడీఆర్4 అనో ఉందో లేదో చూసుకోండి. ఒకదాని ర్యామ్ ఇంకోదానికి పట్టదు.

గ్రాఫిక్స్ స్లాటుకు పీసీఐఈ 5.0, వైఫై 7, నాలుగు ఎం.2 స్లాట్లు (ఎస్‌ఎస్‌డీలు పెట్టేవి), 5 గిగాబిట్ ల్యాన్, వీటికోసం అదనంగా మూడు నాలుగు వేలు పెట్టాల్సిన పని లేదు. మన దగ్గర ఎక్కువ ఇళ్లకు వచ్చే ఫైబర్ కనెక్షన్ 1 గిగాబిట్ లోపే, 2.5 గిగాబిట్ ల్యాన్ ధారాళంగా సరిపోతుంది. ఒక్క చిన్న విషయం మాత్రం చూసుకోండి. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాటు వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు (హార్డ్ డిస్కులు తగిలించేవి) పనిచేయవు. మాన్యువల్లో రాసే ఉంటుంది, కొనకముందే చదవండి.

ఫ్యాన్ హెడర్లు (బోర్డు మీద ఫ్యాను వైరు గుచ్చే చోట్లు) కనీసం నాలుగు ఉండాలి. లైట్ల హెడర్లు రెండు రకాలు: 5 వోల్టుల 3 పిన్, 12 వోల్టుల 4 పిన్. 5 వోల్టుల స్ట్రిప్‌ను 12లో గుచ్చితే స్ట్రిప్ కాలిపోతుంది.

కొనేచోట

కర్నూలు, అనంతపురం, కడప షాపుల్లో ప్రతి మోడలూ ఉండదు. చాలామంది కర్నూలు నుంచి సికింద్రాబాద్ సీటీసీకి, అనంతపురం నుంచి బెంగళూరు ఎస్పీ రోడ్‌కు, అంటే అక్కడి కంప్యూటర్ మార్కెట్లకు వెళ్లి కొంటారు. ధర తగ్గొచ్చు, కానీ వారంటీ పడితే మళ్లీ అంతదూరం తిరగాలి. వెయ్యి రూపాయల లోపు తేడా ఉంటే ఊళ్లోనే కొనండి. "అన్నా, బిల్లులో బోర్డు సీరియల్ నంబరు కూడా రాయన్నా" అని అడగండి. సీరియల్ లేని బిల్లుతో వారంటీ సాధించుకోవడం కష్టం. జీఎస్టీ 18 శాతం కలిపిన బిల్లే తీసుకోండి.

కౌంటరు దగ్గరే పెట్టె తెరిపించి సాకెట్ చూడండి. ఇప్పటి ఇంటెల్, ఏఎం5 బోర్డుల్లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి: ఎల్‌జీఏ1700లో 1700, ఏఎం5లో 1718. ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూస్తే పిన్నుల కొసలన్నీ ఒకే వాలులో గుడ్డ నేతలా మెరుస్తాయి. ఎక్కడైనా ఒక్క మెరుపు అడ్డం తిరిగినట్టు కనిపిస్తే ఆ బోర్డు వద్దు. పిన్ను వంగిందని ఇంటికెళ్లాక చెబితే ఎవరూ ఒప్పుకోరు. సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత పారేయకుండా పెట్టెలో దాచండి, వారంటీకి పంపేటప్పుడు అది లేకపోతే తిప్పిపంపుతారు.

ఇంట్లో పెట్టేచోటు

గోడలో కడప బండలు వేసిన అరలో కంప్యూటర్ పెట్టడం మన ఇళ్లల్లో మామూలు. ఓవర్‌క్లాక్ చేసిన యంత్రానికి అది సరైన చోటు కాదు. మూడు పక్కలా మూసిన అరలో వెనక నుంచి వచ్చే వేడిగాలి మళ్లీ ముందుకు తిరిగి లోపలికే వెళ్తుంది. పగలంతా కాగిన బండ, గోడ రాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటాయి. క్యాబినెట్‌ను అర బయట, గోడకు కనీసం జానెడు దూరంలో పెట్టండి.

నీళ్ల కూలర్ గాలి సూటిగా క్యాబినెట్ మీద పడనివ్వద్దు. మన బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ, తుంపర బోర్డు మీద పడి ఎండితే తెల్లటి పొర మిగులుతుంది, తేమ తగిలినప్పుడు అదే కరెంటుకు దారి ఇస్తుంది. కూలర్ గదిని చల్లబరిస్తే చాలు, కిటికీ ఒకటి తెరిచి ఉంచండి. బేతంచెర్ల, తాడిపత్రి లాంటి చోట్ల బండల పాలిష్ ధూళి చాలా సన్నంగా ఉంటుంది. ముందు ఫ్యాన్లకు నెట్ ఫిల్టర్ పెట్టి పదిహేను రోజులకోసారి దులపండి.

క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతోందా? అది బోర్డు లోపం కాదు, ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి లీకేజీ ఎర్త్ వైరు గుండా నేలలోకి పోవాలి, ఆ దారి లేకపోతే ఇనుప పెట్టె మీదే నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ సరిచేయించాకే ఓవర్‌క్లాక్ సంగతి చూడండి.

బిగించాక

ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. ర్యామ్‌ను సరిచూసుకుంటోందంతే, కంగారుపడి స్విచ్ ఆపేయకండి. బయాస్‌ను తాజాది చేయడం మొదటి పని. ఇందులో బద్ధకం పనికిరాదు: 2023లో ఏఎం5లో ఎస్‌ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు వెళ్లేది) ఎక్కువై కొన్ని ఎక్స్3డీ చిప్పులు కాలిపోయాక ఏఎండీ కొత్త బయాస్‌లో దాన్ని 1.3 వోల్టులకు కట్టడి చేసింది. ఇంటెల్ 13, 14 తరాల చిప్పులు అధిక వోల్టేజ్‌తో పాడవుతుంటే 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లు (బయాస్‌తో వచ్చే చిప్పు సవరణలు) ఇచ్చారు. పాత బయాస్‌తో ఓవర్‌క్లాక్ చేస్తే చిప్పు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇంటెల్ బోర్డుల్లో చాలావాటికి పాత బయాస్‌లో పవర్ లిమిట్ 4096 అని పెట్టి ఉండేది. అంటే హద్దే లేదు. మీ చిప్పు అధికారిక సంఖ్యను చేత్తో టైపు చేసి అక్కడి నుంచి మొదలుపెట్టండి. రైజెన్‌లో పీబీఓ (చిప్పు తనంతట తానే వేగం పెంచుకునే ఏఎండీ సెట్టింగు) ఆన్ చేసి, ఉష్ణోగ్రత పరిమితి 85 పెట్టి, కర్వ్ ఆప్టిమైజర్ అన్ని కోర్లకు మైనస్ 10తో మొదలుపెట్టండి. ఒక్కో మెట్టుకు 5 చొప్పున దించుతూ పోండి. ఇది ఎక్కువైతే ఆట మధ్యలో కాదు, ఊరికే బ్రౌజర్ తెరిచి కూర్చున్నప్పుడు కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. అలా జరిగితే 5 వెనక్కి రండి.

తర్వాత ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్‌నో ఓసీసీటీనో అరగంట నడిపి, ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వీఆర్‌ఎం మాస్ అన్న వరుస చూడండి. కొన్ని బోర్డులకు ఆ సెన్సర్ ఉండదు. అప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడొచ్చు, కానీ మెరిసే అల్యూమినియం మీద గురిపెడితే అది అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. హీట్‌సింక్ మీద చిన్న ముక్క నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి, దాని మీద గురిపెట్టండి. కొలిచాక టేపు తీసేయండి. లోపలి చిప్పు ఆ సంఖ్యకన్నా 10 నుంచి 20 డిగ్రీలు ఎక్కువే ఉంటుందని లెక్కేసుకోండి.

95 దాటితే పీపీటీని (ఇంటెల్‌లో పవర్ లిమిట్‌ను) 10 వాట్ల చొప్పున తగ్గించండి. ఆటలో ఫ్రేములు రెండో మూడో తగ్గుతాయి, వేడి మాత్రం గట్టిగా దిగుతుంది. ఈ పరీక్ష జనవరి రాత్రి చేసి ఊరుకోవద్దు. ఏప్రిల్ చివర్లో, మధ్యాహ్నం మూడింటికి ఇంకోసారి చేసి, అప్పుడు నిలిచిన అంకెలను బయాస్‌లో వేసవి ప్రొఫైల్‌గా దాచుకోండి. నవంబరుకు ఇంకొకటి చేసుకుంటే అక్కడ 20 వాట్లు ఎక్కువ ఇచ్చుకోవచ్చు.